బావి దోషము, ఊరి బాధ

సైదాబాదులోని ఐ.ఎస్.సదన్ కూడలినుండి ఆగ్నేయముగా సాగిపోవు బాటను మనమందరము సాగరు రోడ్డని పిలుచుచున్నాము. చంపాపేట, కర్మన్‌ఘాట్‌లను దాటి, ఇబ్రహీంపట్నము, యాచారము, మాల్ గ్రామములమీదుగా ఆ బాట నల్లగొండ జిల్లాలో ప్రవేశించి, తుదకు నాగార్జునసాగరము చేరును. సైదాబాదు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో కాపురముండు కుటుంబములలో ఎన్నింటికో సొంతయూరు ఈ బాటవెంటనే కలదు. పండుగలకు వారు ఈ దారినే పోయివత్తురు.

ఈ దారినే ఎదురుదిక్కున మరియొక ప్రయాణము జరుగుచున్నది. అది నీటి ప్రయాణము. 2004వ సంవత్సరమునుండి కృష్ణాజలము కోదండాపురమున శుద్ధియై, పెనుగొట్టములలో నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నడచి, గున్‌గల్ మీదుగా నగరపు తూర్పుకొసనున్న సాహెబ్‌నగర్ జలాశయమునకు చేరుచున్నది. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము, 1965లో మంజీరానది భాగ్యనగరపు దాహమును తీర్చినవి. పెరిగిన నగరమునకు అవి చాలకపోగా కృష్ణమ్మను ఇంతదూరము తెచ్చుకొంటిమి. మనము కుళాయి త్రిప్పగానే నీరు వచ్చుచున్నది. కాని ఆ గొట్టములు ఏ నేలను దాటి వచ్చుచున్నవో, ఆ నేలలోని జనులు తరతరములుగా ఏ నీరు త్రాగిరో తెలిసికొనుట మనకు విధి. ఆ చరిత్రనే ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి, మునుగోడు, చండూరు మొదలగునవి నల్లగొండ జిల్లాలోని పడమటి మెట్టప్రాంతములు. ఇక్కడి పల్లెలును తండాలును చిన్నవి. వాన తక్కువ, చెరువులు ఏటేట నిండవు. త్రాగుటకు బావినీరే గతి. ఆ నీరు చూచుటకు తేటగా నుండును, వాసన లేదు, నోటికి తెలియు దోషము లేదు. కాని ఆ నీరు త్రాగి పెరిగిన బిడ్డకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చునప్పటికి వానిమీద సున్నపు మచ్చలో, గోధుమరంగు చారలో కనబడును. వీనినే జనులు గారపళ్ళు అందురు. ఎన్ని మారులు తోమినను అవి పోవు. నడివయస్సునకు మెడ తిరుగదు. నడుము వంగదు, వంగినచో నిలువదు. మోకాళ్ళు ముడుచుకొని పోవును. మిక్కిలి ముదిరినచో వెన్నెముకలోని ఎముక పెరిగి నరములను నొక్కి, కాళ్ళు పడిపోవును. ఈ వ్యాధికి ఫ్లోరోసిస్ అని పేరు.

దీనికి మూలము నేలలోని రాయి. ఆ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో ఫ్లోరిను కలిసిన ఖనిజములు కలవు. ఇంకిన వాననీరు రాతి పగుళ్ళలో ఏండ్లతరబడి నిలిచినపుడు ఆ ఖనిజములు కొద్దికొద్దిగా కరుగును. నీటిలో సున్నపుపాలు తగ్గి క్షారగుణము హెచ్చినకొలది ఫ్లోరైడు మరింత చేరును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ఎండలో కూలిపనిచేయువాడు చల్లని దేశమువానికంటె ఎక్కువ నీరు త్రాగును. కావున నీటిలోని దోషము వాని దేహమున మరింత చేరును. దేహమున చేరిన ఫ్లోరైడు ఎముకలను ఆశ్రయించి వాని స్వభావమునే మార్చివేయును. కీళ్ళను పట్టియుండు నరములవంటి కట్లు సయితము ఎముకవలె గట్టిపడును.

ఇది మన దేశమునకే పరిమితమైన వ్యాధి కాదు. దీని ఆచూకీ మొదట పళ్ళద్వారా తెలిసినది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున ఫ్రెడరిక్ మెక్‌కే అను దంతవైద్యుడు క్రొత్తగా వృత్తి ఆరంభించెను. అక్కడివారి పళ్ళమీది గోధుమరంగు మచ్చలను చూచి ఆశ్చర్యపడి, కారణమును వెదకుచు అనేక సంవత్సరములు గడపెను. 1923లో ఐడహో రాష్ట్రములోని ఓక్లీ అను చిన్న ఊరికి ఆయన వెళ్ళెను. అయిదు మైళ్ళ దూరముననున్న వేడినీటి ఊటనుండి ఊరికి గొట్టము వేసికొన్న తరువాతనే తమ బిడ్డల పళ్ళు పాడగుచున్నవని తల్లిదండ్రులు ఆయనతో చెప్పిరి. ఆయన నీటిని పరీక్షింపగా దోషమేమియు కనబడలేదు. అయినను తల్లిదండ్రుల మాటను త్రోసివేయక, ఆ గొట్టమును విడిచి దగ్గరలోని మరియొక ఊటనీరు త్రాగుడని సలహా ఇచ్చెను. ఊరు ఆ మాట విన్నది. కొన్ని ఏండ్లలోనే చిన్నబిడ్డలకు మచ్చలేని పళ్ళు వచ్చినవి. దోషము ఫ్లోరైడుదని చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టినది 1931లో మాత్రమే. కారణము తెలియకముందే ఓక్లీ గ్రామము నీరు మార్చుకొన్నదన్న మాట.

మన తెలుగునేలలో జరిగినది దీనికి విపర్యయము. ఇక్కడ వ్యాధి జాడను మొదట పశువులు చూపినవి. ఎద్దులు కుంటుచు, లేవలేక, కాడి మోయలేక పోవుటను రైతులు గమనించిరి. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్ట్ అను వైద్యుడును, ఆయన సహచరులును నెల్లూరు జిల్లా పల్లెలలోని మానవులలో ఈ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నాడు ఆ జిల్లాలోనివి. అటుపిమ్మట నిజాము రాష్ట్రమునందలి పల్లెలలోను ఇదే వ్యాధి కలదని తేలినది. 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు సిద్దిఖీ అను వైద్యుని వ్యాసము వెలువడినది. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిసే దాని విషయము.

శ్రోతలు ఈ తేదీని గుర్తుంచుకొనవలెను. అదే 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. ఒకే మాసమున వ్యాధి ప్రపంచమునకు తెలిసినది. వ్యాధిని మాన్పగల నదికి ఆనకట్ట ఆరంభమైనది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కాని కాలువనీరు పల్లమునకే పారును. మిర్యాలగూడ వైపు పొలములు పచ్చబడినవి. మర్రిగూడ, మునుగోడు పల్లెలు మెట్టమీద నున్నవి; వానికి నీరు ఎత్తిపోయవలెను. అందుచే నది జిల్లా అంచుననే పారుచున్నను ఆ పల్లెలకు బావియే మిగిలినది. ఓక్లీకి దగ్గరలో మరియొక ఊట ఉండెను. ఇక్కడ ప్రక్కబావి త్రవ్వినను అదే రాయి, అదే నీరు. ఈ భేదమును మరువరాదు. వర్షములు తగ్గి బోర్లు లోతునకు పోయినకొలది చాలచోట్ల నీటి దోషము మరింత హెచ్చినది.

విద్వాంసులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు 1970 ప్రాంతపు దశకమున ఒక ఉపాయమును రూపొందించిరి. నీటిలో తగుమాత్రము సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి త్రిప్పినచో తెట్టెవంటి పదార్థమేర్పడి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును; పైనీటిని వంచుకొని త్రాగవచ్చును. దీనికి ‘నల్గొండ పద్ధతి’ అనియే పేరు పెట్టిరి. ఆ పేరుతోనే అది ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములవరకు పోయినది. ఒక జిల్లా పేరు దాని బాధకు మందుగా లోకమున వ్యాపించుట విశేషమే. అయినను పటిక మోతాదును నీటిని బట్టి నిర్ణయింపవలెను. ఆ పని ప్రతిదినము జరుగవలెను. అడుగున దిగిన మడ్డిని పారవేయు చోటు చూడవలెను. కూలికి పోవు ఇంటిలో ఇంత శ్రద్ధ కుదురుట కష్టము. ఉపాయము మంచిదైనను ఊరంతటికి నీరు మార్చుటతో సమానము కాదు.

మరియొక సంగతి. మన నగరములోని తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త వైకల్యమును ప్రకటించిరి. ఫ్లోరోసిస్ గల ప్రాంతమున పెరుగు వయస్సులోనివారికి మోకాళ్ళు ఒకదానినొకటి రాచుకొనునట్లు లోపలికి వంగుచుండెను. జొన్నలు ప్రధానాహారమైన పేదయిండ్లలో ఇది హెచ్చుగా నుండుటను ఆ సంస్థ పరిశోధకులు గమనించిరి. నీటి దోషమునకు తిండిలోని కొరత తోడైనచో దేహము మరింత చెడునని దీనివలన స్పష్టమైనది. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరివంటి పండ్లు కొంత రక్షణ నిచ్చును. కాని అవి లేని యిండ్లకే ఆ నీరును దక్కినది.

ఇక ఊరి కష్టమును గూర్చి ఒకమాట. వ్యాధి ఒక్కొక్క దేహమునకు వచ్చినట్లే కనబడును. నడుమునొప్పి నాది, నా కర్మ యని ప్రతివాడును అనుకొనును. కాని ఇరువది యిండ్ల తండాలో పదిమంది కఱ్ఱపట్టుకొని నడచునపుడు అది కర్మ కాదు, బావి. పనిచేయు వయస్సులోనే పని పోవును. ఆ ఊరి పిల్లను తెచ్చుకొనుటకు, ఆ ఊరికి పిల్లనిచ్చుటకు ఇరుగుపొరుగు ఊళ్ళు వెనుకాడును. నవ్వుటకు పిల్లలు నోటికి చేయి అడ్డము పెట్టుకొందురు. కాళ్ళు చేతులు బాగున్నవారు పట్నమునకు వలసపోవుదురు. లేవలేనివారు ఊరిలో మిగులుదురు. మన తూర్పు బస్తీలలో ఇటుకలు మోయువారిలో, ఇండ్లలో పనిచేయువారిలో ఇట్లు వచ్చినవారు ఎందరో కలరు. నడుము వంచి ఊడ్వలేని పనిమనిషిని సోమరియని కసరుటకు ముందు ఆమె ఏ ఊరి నీరు త్రాగి పెరిగినదో ఆలోచించుట ధర్మము.

ఆ జనులు ఊరకుండలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పూనికతో నల్లగొండ నియోజకవర్గమున పెక్కుమంది సామాన్యులు నామపత్రములు వేసిరి. చివరకు పోటీలో నిలచినవారి సంఖ్య 480. ఓటుపత్రము పుస్తకమైనది. వారు కోరినది పదవి కాదు, కృష్ణనీరు. దేశమంతయు ఆ దినములలో ఈ వింతను చెప్పుకొన్నది. ఆ యేడే అభ్యర్థులు కట్టు ధరావత్తు సొమ్మును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచిరి. అభ్యర్థుల గుంపు మరల రాకుండుటకు ఏర్పాటు త్వరగానే జరిగినది. నీటికి మాత్రము ఇంకను వేచియుండవలసి వచ్చినది.

2004లో నగరమునకు కృష్ణాజలము వచ్చినపుడు, మెట్టమీదికి నది ఎక్కదను మాట తప్పని ఋజువైనది. పుట్టంగండి వద్ద ఎత్తిపోసిన నీరు అక్కంపల్లి జలాశయమున చేరి, అచటినుండియే మన కుళాయిలకు వచ్చుచున్నది. ఎక్కింపదలచినచో నది ఎక్కును. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట 2015 జూన్ 8న ఇంటింటికి నదినీరు ఇచ్చు పథకమునకు నల్లగొండ జిల్లాలోని చౌటుప్పలలోనే స్తంభము నాటిరి. మరుసటి యేడు ఆగస్టు 7న గజ్వేలు దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆ పథకమును ప్రారంభించెను. అటుపిమ్మట బావులనే నమ్ముకొన్న ఆ పల్లెలకును నదినీరు చేరసాగినది. సిద్దిఖీ వ్యాసమునకును ఈ స్తంభమునకును నడుమ అరువది యేండ్లు గడచినవి. ఆ అరువది యేండ్లలో పుట్టి పెరిగినవారి ఎముకలను నేటి నీరు సరిచేయజాలదు. వంగిన నడుమును నిలుపు మందు లేదు. నీరు మారుటవలన మేలు కలుగునది పుట్టబోవు బిడ్డలకు.

కావున మన యిండ్లకు సంబంధించిన రెండు సంగతులు చెప్పి ముగించెదము. కుళాయి నీరు చాలక బోరునీరు త్రాగు యిండ్లు నగరపు తూర్పుశివారులలో నేటికిని కలవు. తేటగానున్న నీరెల్ల మంచినీరు కాదు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. బోరునీటిని పరీక్ష చేయించి, దోషమున్నచో స్నానమునకు, కడుగుటకు మాత్రమే వాడుకొని, త్రాగుటకును వంటకును వేరు నీరు తెచ్చుకొనవలెను. ఎనిమిదేండ్ల లోపు పిల్లలున్న యిండ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరము, ఏలనగా పంటిమీది పింగాణి ఏర్పడు కాలము అదియే.

రెండవది, బాధపడువారు చెప్పిన మాటను వినుట. ఓక్లీలో వైద్యుడు తన పరీక్షలో ఏమియు దొరకకున్నను తల్లుల మాట నమ్మెను. మన పల్లెలలో పరీక్షలు అన్నియు దొరికినను తల్లుల మాట వినుటకు ఒక తరము దాటి రెండవ తరము వచ్చినది. చిన్న ఊరి గొంతు చిన్నది. అది పెద్ద ఊరి చెవికి చేరునంతవరకు ఎందరి నడుములో వంగిపోవుచుండును. రేపు ఉదయము కుళాయి త్రిప్పి బిందె నింపునపుడు, ఆ నీరు దాటివచ్చిన ఊళ్ళ పేర్లు మన యింటి పిల్లలకు చెప్పుదము.