కందకం త్రవ్వకుండా ఇంటి మురుగు గొట్టం మార్పిడి

ఇంటిలోని మరుగుదొడ్డి, స్నానాల గది, వంటగదుల నుండి వెలువడే మురుగునీటిని వీధిలోని మ్యాన్‌హోల్‌కు చేర్చే గొట్టం భూమిలో కంటికి కనబడకుండా ఉంటుంది. అది చెడిపోయినదన్న సంగతి నహానీ ట్రాప్ నుండి నీరు వెనుకకు తన్నినప్పుడో, ప్రహరీ ప్రక్కన నేల కుంగినప్పుడో గాని తెలియదు. హైదరాబాదు, సికింద్రాబాదులలోని అనేక పాత ఇండ్లలో ఇవి నాలుగు లేక ఆరు అంగుళాల స్టోన్‌వేర్ పైపులు. రెండు మూడు అడుగుల ముక్కలుగా, సిమెంటు అతుకులతో పరచినవి. అతుకు వదులైన చోట వేప, రావి వేళ్లు లోనికి చొచ్చుకొనిపోతాయి. నల్లరేగడి నేలలో వర్షాకాలమున ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోయే మట్టి వలన ముక్కలు ఒకదాని నుండి మరొకటి తొలగుతాయి.

పగిలిన గొట్టం వలన కలిగే నష్టం ఆ ఇంటితోనే ఆగదు. మన నగరాలలో త్రాగునీరు రోజంతా రాదు. సరఫరా నిలిచిన వేళ మంచినీటి గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఆ గొట్టానికి చిల్లు ఉండి, చుట్టుప్రక్కల నేల మురుగుతో నానియున్నచో ఆ మురుగు లోనికి లాగబడుతుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్ ప్రాంతంలో కలుషిత జలం త్రాగి పలువురు మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. కావున ఇంటి మురుగు గొట్టం మరమ్మతును వాయిదా వేయుట తగదు.

వాయిదాకు ముఖ్య కారణం త్రవ్వకమే. పోర్టికో బండలు, మెట్లు, పెరటి చెట్లు, ప్రహరీ పునాది అన్నియు గొట్టం పైననే ఉంటాయి. గొట్టం ఖరీదు కంటె వాటిని తిరిగి కట్టుటకయ్యే ఖర్చు అధికమగుట కలదు. ఈ ఇబ్బందిని తప్పించే పద్ధతులు రెండు ఉన్నవి.

మొదటిది పాత గొట్టాన్ని లోపలి నుండి పగులగొట్టి, అదే దారిన క్రొత్తదానిని లాగుట. దీనిని పైప్ బర్స్టింగ్ అంటారు. 1970 దశకం చివరలో ఇంగ్లండులో పోత ఇనుప గ్యాసు గొట్టాలను మార్చుటకు ఇది రూపొందినది. గొట్టానికి ఒక చివర ఒక గొయ్యి, రెండవ చివర మరొక గొయ్యి త్రవ్వుతారు. ఉక్కు త్రాడును గాని కడ్డీలను గాని గొట్టంలో నుండి పంపి, శంఖువు ఆకారపు ఉక్కు తలను హైడ్రాలిక్ యంత్రంతో లాగుతారు. ఆ తల ముందుకు సాగుచు పాత పెంకులను చుట్టూ మట్టిలోనికి నెట్టివేస్తుంది. దాని వెనుకనే హెచ్.డి.పి.ఇ. గొట్టం వచ్చి చేరుతుంది. ఈ గొట్టపు ముక్కలను వేడితో కరిగించి అతికించుట వలన అది ఒకే పొడవుగా ఉంటుంది. వేళ్లు దూరుటకు వదులు అతుకులు ఉండవు. పాతదాని కంటె ఒక సైజు పెద్ద గొట్టమును కూడ వేయవచ్చును.

రెండవది పాత గొట్టం లోపలనే క్రొత్త గొట్టాన్ని తయారుచేయుట. 1971లో లండన్ నగరంలో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు దీనిని తొలిసారి ప్రయోగించారు. రెసిన్‌లో నానబెట్టిన ఫెల్ట్ వస్త్రపు సంచిని నీటి లేక గాలి ఒత్తిడితో గొట్టంలోనికి తిరగవేస్తారు. వేడినీరు, ఆవిరి, లేక అతినీలలోహిత కాంతితో అది కొన్ని గంటలలో గట్టిపడి గొట్టమే అవుతుంది. లోపలి వ్యాసం కొద్దిగా తగ్గినను, గోడ నునుపుగా ఉండుట వలన ప్రవాహానికి సాధారణంగా లోటు రాదు. మన దేశంలో ఈ విధానం ఇంటి గొట్టాల కంటె పెద్ద కాలువలకే ఎక్కువగా వాడబడినది. ఢిల్లీలోని ట్రంక్ మురుగు కాలువలు కొన్ని ఇట్లే బాగుపడినవి.

ఏ పద్ధతి తగునో నిర్ణయించుటకు ముందు గొట్టాన్ని జెట్టింగ్ యంత్రంతో శుభ్రపరచి, లోనికి కెమెరా పంపి చూడవలెను. ఈ మెట్టును దాటవేసి ధర చెప్పే కాంట్రాక్టరును నమ్మరాదు. కెమెరా చిత్రంలో మొదట చూడవలసినది పగుళ్లను కాదు, నీరు నిలిచిన చోటును. గొట్టం మధ్యలో కుంగి ఉన్నచో పై రెండు పద్ధతులును ఆ కుంగుదలను సరిచేయలేవు. క్రొత్త గొట్టం కూడ పాత దారినే అనుసరించి అక్కడనే కుంగి ఉంటుంది. నాలుగు అంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు, ఆరు అంగుళాల గొట్టానికి 60 అడుగులకు ఒక అడుగు వాలు ఉండవలెనని ప్లంబర్ల పాత లెక్క. ఆ వాలు తప్పిన చోట త్రవ్వి తీరవలసినదే. పూర్తిగా కూలి మట్టి నిండిన చోట లోపలి పొర వేయుట సాధ్యపడదు.

పగులగొట్టు పద్ధతికి నేల కూడ అనుకూలించవలెను. పెంకులు జరుగుటకు చుట్టూ మెత్తని మట్టి అవసరం. హైదరాబాదులో పలుచోట్ల మొరం క్రింద గ్రానైటు రాయి తగులుతుంది. రాతిని తొలిచిన ఇరుకు కాలువలో పరచిన గొట్టమైనచో తల ముందుకు సాగదు. గొట్టం నేలకు అతి దగ్గరగా ఉన్నచో పైనున్న బండలు లేస్తాయి. మంచినీటి గొట్టం ప్రక్కనే పోవుచున్నచో అది పగిలే ప్రమాదమున్నది. ఆ చోట చిన్న గొయ్యి తీసి దానిని ముందుగా బయటపెట్టుకొనవలెను. ఇనుప కడ్డీలున్న కాంక్రీటు తూములకు సామాన్య యంత్రం చాలదు. ఇక ఆరుబయట పెరటిలో రెండడుగుల లోతున ఉన్న పది పదిహేను అడుగుల గొట్టానికి యంత్రం తెప్పించుట వృథా. గడ్డపార, పార చాలును.

త్రవ్వకం అసలే ఉండదనుకొనుట పొరపాటు. రెండు గోతులు తప్పవు. వాటిలో ఒకటి వీధిలో పడినచో పురపాలక సంస్థ అనుమతి పొందవలెను. 1.5 మీటర్లకు మించిన గోతికి పలకలతో ఆసరా కట్టనిదే కూలీలను దింపరాదు. లోపలి పొర వేయునాడు కొన్ని రకాల రెసిన్ల నుండి ఘాటైన వాసన వచ్చును. ట్రాపులన్నిటిలో నీరు నింపి, కిటికీలు తెరచి ఉంచవలెను. పని ముగియువరకు ఇంటిలో నీరు వదలరాదు.

కెమెరా ఖర్చు దండగని తలచి, మనిషిని మ్యాన్‌హోల్‌లోనికి దింపి చూపించుకొనే అలవాటు నేటికిని కొన్నిచోట్ల కనబడుచున్నది. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలోనికి మనిషిని దింపుట నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపబడవచ్చును. దింపినవారు గృహస్థులైనను చట్టం మినహాయించదు. మురుగు కాలువలో మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలెనని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించినది. ఇరుకు వీధులలోనికి పోగలిగే మినీ జెట్టింగ్ యంత్రాలను జలమండలి 2017లోనే ప్రవేశపెట్టినది.

పని పూర్తి అయిన పిదప కెమెరాను మరల పంపించి, ఇంటి శాఖా గొట్టాలన్నియు క్రొత్తదానికి కలిసినవో లేదో చూచుకొనవలెను. లోపలి పొర పద్ధతిలో శాఖల నోళ్లు మూసుకొనిపోతాయి. వాటిని యంత్రపు కత్తితో తిరిగి తెరువవలసి ఉంటుంది. ఒక్కటి మరచినను ఆ గది మురుగు అదేరోజు వెనుకకు వచ్చును. గొట్టం లోతు, మలుపులు, గోతుల స్థానాలు గుర్తించిన పటాన్ని, కెమెరా చిత్రం ప్రతిని కాంట్రాక్టరు నుండి తీసుకొనిన తరువాతనే తుది చెల్లింపు జరుపవలెను.