పదకొండుమంది పిల్లల బస్సు

పదకొండుమంది పిల్లలున్న ఇంట్లో సెలవులకు ఊరెళ్ళాలంటే ఏ బండి సరిపోతుంది? కారులో సగంమంది కూడా పట్టరు. రెండు కార్లు తీస్తే తల్లి ఒకదాంట్లో, తండ్రి ఒకదాంట్లో. దారిలో హోటల్లో దిగితే ఎన్ని గదులు తీసుకోవాలి, పూటకి ఎన్ని భోజనాలు చెప్పాలి? కాలిఫోర్నియాలో ఆథర్టన్ అనే ఊళ్ళో ఒక తండ్రికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. ఆయన దగ్గర ఒక పాత స్కూలు బస్సు ఉండేది. 1939 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బండి. అందులో అంచెలంచెలుగా పడకలు అమర్చాడు. వంటగది పెట్టాడు. బాత్రూమ్ కట్టాడు. పిల్లలందర్నీ ఎక్కించుకుని సెలవులకు బయల్దేరడానికి ఒక ఇల్లే తయారు చేసుకున్నాడు.

1964లో ఆ బస్సును కెన్ కీసీ అనే రచయిత కొన్నాడు. అప్పటికి రెండేళ్ళ కిందట వచ్చిన 'వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్' నవలతో ఆయన పేరు మారుమోగుతోంది. స్నేహితులతో కలిసి బస్సుకు ఎన్ని రంగులుంటే అన్ని రంగులూ పూశాడు. ముందు బోర్డు మీద 'ఫర్దర్' అని రాయించి, ఆ జూన్‌లో కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ దాకా దేశానికి అడ్డంగా నడిపించాడు. ఆ ప్రయాణం మీద 1968లో టామ్ వుల్ఫ్ పుస్తకం రాశాడు, 2011లో డాక్యుమెంటరీ వచ్చింది. హిప్పీల కాలం గురించి ఎవరు ఏం రాసినా ఆ బస్సు బొమ్మ లేకుండా ఉండదు. రంగులు, పాటలు, మత్తు మందులు అన్నీ ఆ కథలో ఉన్నాయి. పడకలు కట్టిన తండ్రికి మాత్రం అందులో ఒక్క వాక్యమే దక్కింది. నా దృష్టిలో అసలు పని చేసింది ఆయనే. అమెరికాలో ఈరోజు పాత స్కూలు బస్సులను ఇళ్ళుగా మార్చుకుంటున్న కుటుంబాలు నడిచేది కీసీ దారిలో కాదు, ఆయన దారిలో. అక్కడివాళ్ళు ఇలాంటి బండిని ముద్దుగా 'స్కూలీ' అంటారు.

బస్సును ఇల్లు చేయాలన్న ఆలోచన అంతకు ముందూ లేకపోలేదు. 1915లోనే న్యూయార్క్ దగ్గర రోలండ్ కాంక్లిన్ అనే శ్రీమంతుడు ఒక రెండంతస్తుల బండి కట్టించాడు. పొడవు 25 అడుగులు, బరువు ఎనిమిది టన్నులు. రైలు పెట్టెలో ఉండేలాంటి పడకలు, వంటగది, కరెంటు దీపాలు, ఫోనోగ్రాఫ్, పుస్తకాల బీరువా, పైన కూర్చోవడానికి తోటలాంటి మేడ. కుటుంబాన్నంతా అందులో ఎక్కించుకుని శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరాడు. పత్రికలు విడ్డూరంగా రాశాయి. కానీ ఆయనకు సొంత బస్సు కంపెనీ ఉంది. డబ్బుంది. మామూలు సంసారికి అలాంటిది చేతికి రావాలంటే అది ఎక్కడో ఒకచోట వాడేసి, చవగ్గా అమ్మేసిన వస్తువై ఉండాలి. ఆ వస్తువును తయారు చేసిపెట్టింది బడి.

అమెరికా పల్లెల్లో పిల్లల్ని బడికి తీసుకెళ్ళేవి మొదట గుర్రబ్బళ్ళు. ఇండియానాలో వేన్ వర్క్స్ అనే సంస్థ పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాటిని తయారు చేసేది. ఆ బళ్ళకు తలుపు వెనకవైపు ఉండేది. ముందు నుంచి పిల్లలు గోలగోలగా ఎక్కితే గుర్రాలు బెదురుతాయని. గుర్రాలు పోయి మోటార్లు వచ్చాయి. ఎక్కే తలుపు ముందుకు మారింది. వెనక తలుపు మాత్రం అత్యవసర ద్వారంగా ఈనాటికీ నిలిచి ఉంది. స్కూలీ కట్టుకున్నవాళ్ళకు అదే పెరటి గుమ్మం. నది ఒడ్డున బండి ఆపి ఆ తలుపు తెరిస్తే మంచం మీంచే నీళ్ళు కనిపిస్తాయి.

ఇక ఇనుప బాడీ కథ. మనవాళ్ళకు ఇది పరాయి విషయం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఛాసిస్ తెచ్చి ఇచ్చి బాడీ కట్టించుకోవడం మనకు తెలిసిందే. జార్జియా రాష్ట్రంలో ఫోర్డ్ కార్లు అమ్ముకునే ఆల్బర్ట్ లూస్ కూడా ఆ పనే చేశాడు. సిమెంటు పనివాళ్ళను తీసుకెళ్ళడానికి బస్సు కావాలని ఒక గిరాకీ వస్తే చెక్క బాడీ కట్టించిన బండి అమ్మాడు. గతుకుల రోడ్ల మీద ఆ చెక్క, బాకీ తీరకముందే విడిపోయింది. లూస్‌కు అది తలవంపుగా తోచింది. 1927లో ఇనుప చట్రంతో తానే బాడీ కట్టాడు. బ్లూ బర్డ్ కంపెనీ అలా పుట్టింది. ఆ మొదటి బస్సును ఇప్పటికీ డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో చూడవచ్చు.

1939 ఏప్రిల్‌లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు ఒక సమావేశం పెట్టాడు. అప్పటికి ఆయన పల్లె బడుల ప్రయాణాల మీద దేశం తిరిగి వచ్చాడు. ఒకచోట గోధుమలు మోసే గుర్రబ్బండిలో పిల్లలు బడికి వెళ్తున్నారు. ఇంకోచోట దేశభక్తి పెరుగుతుందని బస్సుకు జెండా రంగులు వేశారు. ఏ రెండు ఊళ్ళ బస్సులూ ఒకలా లేవు. 48 రాష్ట్రాల ప్రతినిధులు, బస్సుల కంపెనీలవాళ్ళు, రంగుల కంపెనీల నిపుణులు ఏడు రోజులు కూర్చుని 44 ప్రమాణాలు తేల్చారు. పొడవెంత ఉండాలి, లోపల ఎత్తెంత ఉండాలి, నడవ వెడల్పెంత ఉండాలి అన్నీ అందులోనే. నిమ్మపండు పసుపు నుంచి ఎర్ర నారింజ దాకా యాభై ఛాయల రంగు పట్టీలను గోడకు వేలాడదీసి, తెల్లవారుజామున, మునిమాపు వేళ కూడా నల్ల అక్షరాలు స్పష్టంగా కనిపించే పసుపును ఎంచుకున్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన మనవళ్ళు రోజూ ఎక్కుతున్నది ఆ పసుపు బస్సే. కీసీ చేతికి వచ్చిన బండి కూడా సరిగ్గా ఆ ఏడాదిదే.

ఆ కొలతలు ఒక్కటయ్యాక ఇంకో మేలు జరిగింది. అప్పుడు వాళ్ళెవరూ ఊహించనిది. కంపెనీ ఏదైనా బస్సు ఇంచుమించు ఒకేలా ఉండటంతో ఒక కుటుంబం నేర్చుకున్న పని ఇంకో కుటుంబానికి పనికొచ్చింది. ఒహాయోలో ఒకరు వేసుకున్న ప్లాను ఆరెగాన్‌లో ఇంకొకరి బస్సుకు సరిపోతుంది.

1963లో బ్లూ బర్డ్ కంపెనీ తానే రంగంలోకి దిగింది. స్కూలు బస్సు బాడీలోనే ఖరీదైన సామాను అమర్చి, తర్వాత 'వాండర్‌లాడ్జ్' అన్న పేరుతో మోటార్‌హోమ్‌గా అమ్మింది. 2009 దాకా అవి తయారయ్యాయి. బాగా ఉన్నవాళ్ళ బండి అది. దాని మీద ఎక్కువ చెప్పను. ఎందుకంటే ఈ కథలో నన్ను పట్టి నిలిపేది 1970 నాటి యాత్ర.

ఆ ఏడాది శరత్కాలంలో స్టీఫెన్ గాస్కిన్ అనే అధ్యాపకుడి వెంట దాదాపు మూడు వందలమంది శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరారు. అరవై దాకా బళ్ళు, వాటిలో చాలా మట్టుకు పాత స్కూలు బస్సులు. నెలల తరబడి దేశమంతా తిరిగారు. తిరిగే బస్సుల్లోనే వండుకున్నారు. జబ్బు చేస్తే వాటిలోనే పడుకున్నారు. నిండు గర్భిణులూ ఉన్నారు. మొదటి కాన్పు ఇలినాయ్‌లో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ దగ్గర బళ్ళు నిలిపే స్థలంలో ఆగిన బస్సులో జరిగింది. అలా మొదలైన కాన్పులు చూస్తూ చూస్తూనే గాస్కిన్ భార్య ఐనా మే మంత్రసాని అయింది. అమెరికాలో ఇంటి కాన్పులకు మళ్ళీ గౌరవం తెచ్చినవాళ్ళలో ముందు వరసలో నిలిచింది. 2011లో ఆమెకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. ఆ గుంపు 1971లో టెన్నెసీలో పొలం కొని స్థిరపడింది. ఇళ్ళు లేచేదాకా బస్సులే వాళ్ళ ఇళ్ళు. పిల్లల్ని బడికి చేర్చడానికి కట్టిన బండిలో పిల్లలు పుట్టి, పాకి, నడక నేర్చారు.

ఇంతమంది ఈ బండినే ఎందుకు నమ్మారు? చవక అన్నది ఒక కారణం. అమెరికా రోడ్ల మీద నాలుగున్నర లక్షలకు పైబడి స్కూలు బస్సులున్నాయి. పది పదిహేనేళ్ళు తిరిగాక బడులు వాటిని వేలంపాటలో అమ్మేస్తాయి. ఇంజిను ఇంకా గట్టిగానే ఉంటుంది. రెండో కారణం బలం. 1977 ఏప్రిల్ నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. బస్సు తలకిందులైనా పిల్లలు నలగకూడదని, ఖాళీ బస్సు బరువుకు ఒకటిన్నర రెట్లు భారం పైకప్పు మీద మోపినా అది 5⅛ అంగుళాలకు మించి కుంగకూడదు. పక్కన ఇనుప పట్టీలు నిలువునా ఉంటాయి. బయట కనిపించే నల్ల అడ్డపట్టీలు అందానికి కావు. నేల ఎక్కడుందో, సీటు ఎక్కడుందో రక్షించడానికి వచ్చినవాళ్ళకు అవి ఆనవాళ్ళు. తలుపు తెరుచుకోకపోతే ఎక్కడ కోయాలో వాళ్ళకు తెలియాలి కదా.

వేలంలో బస్సు కొన్న కుటుంబానికి మొదటి నెలంతా ఊడదీయడమే పని. సీటు బోల్టు పైన ఒకరు పట్టుకోవాలి, బండి కింద దూరి ఇంకొకరు నట్టు పట్టుకోవాలి. ఏళ్ళ తరబడి వానకీ మంచు మీద చల్లిన ఉప్పుకీ తుప్పు పట్టి ఆ నట్టు కదలదు. గ్రైండర్‌తో తల కోసెయ్యాలి. సీట్లు పోయాక నల్ల రబ్బరు, దాని కింద ప్లైవుడ్, దాని కింద ఇనుప రేకు. ప్లైవుడ్ ఎత్తగానే తడి వాసన వస్తుంది. తుప్పు గీకి, మందు పూసి, ఆరబెట్టాలి. అప్పుడు రేకులో పదులకొద్దీ చిల్లులు తేలతాయి. ఒక్కో బోల్టు ఉన్నచోట ఒక్కోటి. వాటిని మూయడానికి అక్కడివాళ్ళు వాడే వస్తువు పెన్నీ. ఒక సెంటు నాణెం. అడ్డంగా పంతొమ్మిది మిల్లీమీటర్లుంటుంది కాబట్టి చిల్లును కప్పి అంచు మీద కూర్చుంటుంది. సీలెంటు పూసి, నాణెం అతికించి, వేలితో అదుముతారు. ఈ పనిలో చిన్నపిల్లలే నేర్పరులు. ఒక్కో చిల్లుకు ఒక్కో నాణెం పెడుతూ బస్సు ఈ చివర్నుంచి ఆ చివరకు పాకుతారు. 2025 నవంబరులో అమెరికా పెన్నీల ముద్రణ ఆపేసింది. ఇక ముందు కట్టబోయే బస్సులకు పాత డబ్బాల్లో మిగిలిన నాణేలే గతి.

పెద్ద బస్సు ఖాళీ అయ్యాక లోపల దొరికేది ఇంచుమించు 240 చదరపు అడుగులు. మన పట్టణాల్లో ఒక గది, చిన్న వంటిల్లు ఉన్న పోర్షనంత. అందులో వెనక తల్లిదండ్రుల మంచం, మధ్యలో పిల్లలకు ఒకదాని మీద ఒకటి పడకలు, ముందుకు వంటగట్టు. నీళ్ళ ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ఆలోచన. 400 లీటర్లంటే 400 కిలోలు. ఒక పక్కకు పెడితే బండి ఒరుగుతుంది. ఇరుసుకు దగ్గరగా, వీలైనంత కిందికి పెట్టాలి. పొడుగువాళ్ళకు తల తగులుతుందని కొందరు కిటికీల మధ్య నిలువు కమ్మీలను కోసి, జాకీలతో కప్పునంతా అడుగో అడుగున్నరో పైకి లేపి, కొత్త ఇనుము వేసి వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్ళు తప్ప ఆ పనికి దిగకూడదు. పిల్లల్ని కాపాడేది ఆ కమ్మీలే.

రంగు కూడా మార్చాలి. బడికి పోని బండి మీద బడి పసుపు ఉండటానికి అక్కడ చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. ఎర్ర దీపాలు, 'ఆగు' అని చాచే చెయ్యి కూడా తీసెయ్యాలి. ఆ గుర్తులు చూసి ఆగే అలవాటు మిగతా డ్రైవర్లకు చెడకూడదు. ఇల్లుగా నమోదు కావాలంటే వంట, పడక, నీళ్ళు, మరుగుదొడ్డి లాంటి వసతుల్లో కొన్నయినా స్థిరంగా బిగించి ఉండాలని చాలాచోట్ల నియమం.

అందంగా ముస్తాబైన బస్సుల ఫొటోలు చూసినప్పుడు నాకు ముందు భయం వేసే విషయం ఒకటుంది. పిల్లలు సోఫాలో రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఉంటారు. బెల్టు ఉండదు. పెద్ద స్కూలు బస్సుల్లో చాలాకాలం బెల్టులు లేకపోయినా పిల్లలు క్షేమంగా ఉండటానికి కారణం ఆ సీట్లే. ఎత్తుగా, మెత్తగా, దగ్గరదగ్గరగా ఉండి, సడన్ బ్రేకు పడితే ముందు సీటు వీపే బిడ్డను ఆపేది. ఆ సీట్లు ఊడదీశామంటే ఆ రక్షణ ఊడదీసినట్టే. దాని బదులు ఇంట్లో ఎంతమందో అన్ని సీట్లు, ముందుకు చూసేలా, బెల్టులతో, ఛాసిస్‌కు గట్టిగా బిగించాలి. పరుపుల కంటే ముందు, వంటగట్టు కంటే ముందు చేయాల్సిన పని ఇది.

మన దగ్గర కూడా ఈ మోజు పెరుగుతోంది. కండెమ్ చేసిన బడి బస్సు చవగ్గా దొరికిందంటే ఆటోనగర్ మేస్త్రీ చేతిలో పెట్టి ఇల్లు చేయించుకోవచ్చని ఉత్సాహపడేవాళ్ళకు ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మోటార్ కారవాన్లకు మన దేశంలో ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. కాబట్టి బస్సు బేరం ఆడే ముందే ప్లాను కాగితం పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళండి. ఏది కుదురుతుందో, ఏది కుదరదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ ప్లానులో పిల్లల సీట్లు ఎక్కడ బిగిస్తారో ముందుగా గీసుకుని వెళ్ళండి.