పీత: పేరు, ఎంపిక, వంట

భోజన చరిత్ర వ్రాయువారు తఱచుగ రాజుల విందులను వర్ణింతురు. కడలి యొడ్డున కాపురమున్న గృహిణి యెఱుకను గ్రంథస్థము చేసినవారు అరుదు. రాష్ట్రము వెలుపల స్థిరపడిన మన కుటుంబములలో తరతరములుగ నిలిచిన ఆ యెఱుకకు పీతకూర మంచి యుదాహరణము.

పంచాంగమున కర్కాటకము, వంటింట పీత, నెల్లూరు, రాయలసీమలలో ఎండ్రకాయ. ఈ 'ఎండ్రి' పదమును, తమిళుల 'నండు' పదమును ద్రావిడ భాషావేత్తలు ఒకే మూలమునకు చేర్చిరి. ఒడియా సోదరులు కంకడ యందురు. కన్నడిగులు ఏడి, మరాఠీలు ఖేకడా. అంగడిలో పొరుగువారి మాట, ఇంట మన మాట: మన జీవితమే ఈ పేర్లలో కనబడును.

పీతలు పెరుగు తావులు, తెలుగువారు స్థిరపడిన తావులు పెక్కుచోట్ల ఒక్కటే. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాము ప్రాంతములో అధికభాగము అందు చేరెను. గోపాలపురము, పూరీ తీరములందలి నోలియా జాలరుల యిండ్లలో మాత్రము తెలుగు నిలిచినది. ఆ చెంతనున్న చిలుక సరస్సులోని రొయ్యలను, పీతలను గూర్చి 1915లో స్టాన్లీ కెంప్ అను శాస్త్రజ్ఞుడు విపులముగ వ్రాసెను. 2000 సెప్టెంబరులో ఆ సరస్సునకు క్రొత్త ముఖద్వారము త్రవ్విన పిదప ఉప్పునీటి రాకపోకలు మెఱుగై పీతల రాబడి హెచ్చినది. దక్షిణమున పులికాట్ సరస్సును ఆంధ్ర, తమిళ రాష్ట్రములు పంచుకొనినవి. నడుమ గౌతమీ తీరమున యానాము కలదు. 1954లో అచట ఫ్రెంచి పాలన ముగిసెను. 1962 ఆగస్టు 16న విలీనము శాసనసమ్మతమయ్యెను. దాపుననే కోరంగి మడ అడవులు. మడబురదలో బొఱియలు చేసికొని పెరుగు మండపీత ఈ తావులన్నిటికిని ఉమ్మడి సంపద.

పీతను ప్రాణముతోనే కొనవలెను. చచ్చిన పీత త్వరగా చెడును. ఎంత యుడికించినను నమ్మరాదు. ఒకే పరిమాణము గల రెండింటిని చేత నెత్తి చూచి బరువైనదానిని గ్రహింపవలెను. పీత పెంకు విడిచి పెరుగు ప్రాణి. క్రొత్త పెంకు గట్టిపడునంతవఱకు లోపల నీరు హెచ్చు, కండ తక్కువ. కావున అడుగుభాగము నొక్కినప్పుడు మెత్తగా లొంగినచో వదలివేయుట మేలు. పొట్టక్రింది మడత సన్నని త్రికోణమైనచో మగది, వెడల్పుగ గుండ్రనైనచో ఆడది. డెక్కలలో కండ కోరువారు మగదానిని, గుడ్డు కోరువారు ఆడదానిని ఎంతురు. కాని గుడ్లు వెలుపలికి వచ్చి మడతక్రింద గుత్తిగ నున్నదానిని కొనరాదు. అది లక్షల గుడ్లను మోయు తల్లి. దానిని నీటికి విడుచుటయే ధర్మము.

మంచులో కొంతసేపుంచి పీతను స్పృహ తప్పించినపిమ్మట త్రాళ్లు విప్పవలెను. క్రింది మడతను, పైచిప్పను తీసి, ప్రక్కల నున్న మొప్పలను పాఱవేసి, పసుపునీట కడిగి, డెక్కలను కొంచెము చిదుపవలెను. ఉల్లి, అల్లము, వెల్లుల్లి వేగినపిదప ముక్కలు వేసి, కారము, ధనియాలపొడి చల్లి, పలుచని చింతపులుసు పోసి మూత పెట్టుదురు. పెంకు ఎఱ్ఱబాఱుట పిల్లలకు వింత. ఆ వర్ణము పెంకులో మునుపే మాంసకృత్తితో ముడివడియుండి, వేడికి ముడి వీడి బయటపడును. ఎఱుపెక్కినంతనే దింపక, కండ తెల్లబడి గట్టిపడువఱకు ఉడికింపవలెను. కడపట మిరియపుపొడి.

నేడు శుభ్రపఱచిన ముక్కలు పొట్లములలో దొరకుచున్నవి. అది సౌకర్యమే. కాని చేత బరువు చూచుట, నొక్కి చూచుట, డెక్క, మడత, చిప్ప అను మాటలు వానితో రావు. బడిలో తెలుగు లేని మన పిల్లలకు వంటిల్లే బడి. ఒక ఆదివారము బిడ్డను అంగడికి తోడ్కొనిపోయి, రెండు పీతలను చూపి, "ఏది బరువు?" అని తెలుగున అడుగుడు. ఆ బదులులో పీతతోపాటు భాషయు ఇంటికి వచ్చును.