కోళ్ల ఫారాల్లో జీవభద్రత, పక్షుల సంక్షేమం: చరిత్ర

ఫారంలోకి రోగం రాకుండా, వచ్చినా బయటికి పాకకుండా పాటించే కట్టుబాట్లు జీవభద్రత. గేటు దగ్గర చెప్పులు మార్చుకోవడం, లారీ చక్రాలను మందునీళ్లలో తడపడం, ఒక షెడ్డులోని కోళ్లన్నీ వెళ్లిపోయాకే కొత్త బ్యాచ్ దించడం దీనికిందికి వస్తాయి. ఆ షెడ్డులో కోడి ఎలా బతుకుతోందన్నది సంక్షేమం. శిక్షణ పుస్తకాల్లో ఈ రెండూ పక్కపక్క అధ్యాయాలుగా కనిపిస్తాయి. చరిత్రలో మాత్రం వీటికి తరచూ పొసగలేదు.

పెరటి కోళ్ల కాలంలో ఈ రెండింటి గురించీ ఎవరూ విడిగా ఆలోచించలేదు. పగలంతా పెంటకుప్పలు కెలుక్కుని, చీకటి పడితే గంప కిందికి చేరేవి. కొక్కెర తెగులు వచ్చిన ఏడు మాత్రం ఊళ్లో కోడన్నది మిగిలేది కాదు. నాలుగు కోళ్లు తలలు వాల్చగానే మిగతావాటిని సంతకు పట్టుకెళ్లి అయినకాడికి అమ్మేవారు, లేదా కోసుకుని తినేవారు. తెగులును పక్క ఊరికి మోసింది చాలావరకు ఈ తొందరపాటు అమ్మకాలే.

ఈ తెగులును శాస్త్రవేత్తలు 1926లో జావాలో, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో గుర్తించారు. ఆ వెంటనే కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. అందుకే మన పశువైద్యులు దాన్ని నేటికీ రాణిఖేత్ అనే అంటారు. దాని టీకా కూడా ఆ కొండల్లోనే తయారైంది. పశువుల ముసర వ్యాధిపై పరిశోధన కోసం 19వ శతాబ్దం చివర పుణె నుంచి ముక్తేశ్వర్‌కు తరలించిన ప్రయోగశాలలో 1940లలో దాన్ని రూపొందించారు. గట్టి రక్షణే ఇచ్చింది గానీ కోడిపిల్లలు దాని ధాటికి తట్టుకోలేవు. కాబట్టి తొలివారంలో కంట్లోనో ముక్కులోనో లాసోటా అనే తేలికపాటి టీకా చుక్కలు వేసి, ఎనిమిది వారాలు నిండాక ఈ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి స్థిరపడింది.

అమెరికాలో జీవభద్రత హేచరీ నుంచి మొదలైంది. పుల్లోరం అనే తెల్లపారుడు రోగం తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి దిగుతుంది. షెడ్డు ఎంత కడిగినా లాభం లేదు. తల్లికోళ్ల రక్తం పరీక్షించి, రోగం ఉన్నవాటిని ఏరివేయడమే దారి. 1935లో మొదలైన జాతీయ పౌల్ట్రీ అభివృద్ధి పథకం ఈ పనిని దేశమంతటా నడిపింది.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే కోడి ఆరుబయటి నుంచి షెడ్డులోకి వచ్చింది. 1920లలో విటమిన్ డి సంగతి తెలియడంతో, దాణాలో కాడ్ చేప కాలేయ నూనె కలిపితే ఎండ తగలని కోడి కూడా కాళ్లు వంకరపోకుండా పెరుగుతుందని తేలింది. తర్వాత తీగల బోను వచ్చింది. దీన్ని కేవలం లాభాపేక్షతో పుట్టిన క్రూరత్వంగా చిత్రించడం సగం నిజమే. నేల మీద, ఊక పరుపు మీద పెరిగే కోడి తన రెట్టనే పొడుచుకుని కాక్సిడియోసిస్ అనే పేగు రోగం తెచ్చుకుంటుంది. బోనులో రెట్ట కిందికి జారిపోతుంది, గుడ్డు శుభ్రంగా ముందుకు దొర్లుతుంది. రైతు దృష్టిలో బోను ఒక ఆరోగ్య సాధనం.

కోడికి ఆ బోను ఖరీదు ఎంతో 1964లో రూత్ హారిసన్ రాసిన ‘యానిమల్ మెషీన్స్’ బ్రిటన్ పాఠకులకు చూపింది. గగ్గోలు పుట్టడంతో ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీని వేసింది. జంతువు లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు సవరించుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాచడానికి చోటుండాలని కమిటీ 1965లో చెప్పింది. ఎంత చిన్న కోరికలో! బోనులో ఉన్న లేయర్ (గుడ్లు పెట్టే) కోడికి అందులో సగం కూడా తీరేవి కావు. ఈ ఆలోచనే 1979 తర్వాత ‘అయిదు స్వేచ్ఛలు’గా ప్రపంచమంతా వ్యాపించింది. యూరోపియన్ యూనియన్ ఉత్త తీగబోన్లను 1999లో చట్టంతో నిషేధించి, 2012 జనవరి 1 దాకా గడువిచ్చింది.

మన దగ్గర వరస వేరు. జంతు హింస నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. కదలడానికి చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని దాని 11వ సెక్షన్ చెబుతోంది. లేయర్ పరిశ్రమ ఆ తర్వాత, ఆ సెక్షన్ ఊసే లేనట్టుగా పెరిగింది. బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. 1982లో ఆయన చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ గుడ్డు ధరను దళారుల చేతుల్లోంచి రైతుల వైపు తిప్పింది. తణుకు, అనపర్తి ప్రాంతాల్లో బోన్ల షెడ్లు వరసలు కట్టాయి. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు నిలవడానికి పునాది అదే. షెడ్ల కింద పేరుకునే పెంట, వానాకాలంలో చుట్టుపక్కల ఇళ్లలో ముసిరే ఈగలు కూడా ఆ ఎదుగుదలలో భాగమే.

2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు అయిదు స్వేచ్ఛలను మన చట్టంలో భాగంగా చదివింది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను కోళ్ల పెంపకానికే కేటాయించింది. 2023లో వచ్చిన గుడ్లకోళ్ల నిబంధనలు ఒక్కో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల నేల చూపాలన్నాయి. మామూలు టైపు కాగితం కంటే కూడా తక్కువ. యూరప్ కాదనుకుని వదిలేసిన కొలత ఇక్కడ సంస్కరణగా అడుగుపెట్టింది.

ఈలోగా బర్డ్ ఫ్లూ వచ్చి జీవభద్రత అర్థాన్నే పెంచేసింది. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 వైరస్ 18 మందికి సోకి, ఆరుగురు చనిపోయారు. అక్కడి అధికారులు 10 లక్షలకు పైగా కోళ్లను చంపించారు. భారత్‌లో ఇది తొలిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2015లో హైదరాబాద్ శివార్లలోని తొర్రూరులో, 2024లో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కనిపించింది. అనుమానం వస్తే నమూనా భోపాల్‌లోని ప్రయోగశాలకు వెళుతుంది. నిర్ధారణ అయితే కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపి పూడుస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ఫారం చుట్టూ కంచె ఎంత గట్టిగా ఉన్నా, గుడ్లు తెచ్చిన పాత అట్ట ట్రేలు ఒక ఫారం నుంచి మరో ఫారానికి తిరుగుతున్నంతకాలం వైరస్‌కు దారి ఉన్నట్టే.

జీవభద్రత, సంక్షేమం అనే రెండు ఆశయాల మధ్య పేచీ అన్నిటికంటే స్పష్టంగా బ్రిటన్‌లో బయటపడింది. అడవి పక్షుల నుంచి వైరస్ సోకకుండా కోళ్లన్నిటినీ లోపలే ఉంచమని 2021 చివర్లో ప్రభుత్వం ఆదేశించింది. పదహారు వారాలు దాటేసరికి, 2022 మార్చిలో, ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లని ముద్ర వేసుకునే హక్కు రైతులకు పోయింది. సంక్షేమం కోసం ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారుకు దుకాణాల్లో కొత్త లేబుళ్లు కనిపించాయి.

బర్డ్ ఫ్లూను ఆపడానికి మిగిలిన దారి టీకా. చైనా చాలాకాలంగా వేస్తోంది. ఫ్రాన్స్ 2023 అక్టోబరులో బాతులకు మొదలుపెట్టింది. టీకా వేసిన పక్షి రోగం పైకి కనిపించకుండానే వైరస్‌ను మోయవచ్చన్న భయంతో దిగుమతి దేశాలు అలాంటి మాంసాన్ని అనుమానంగా చూస్తాయి. అందుకే టీకా వేసిన మందలను పదేపదే పరీక్షించాలి. ఆ ఖర్చు భరించడం కంటే చంపి పరిహారం ఇవ్వడమే చాలా ప్రభుత్వాలకు తేలిక. భారత్ విధానం కూడా ఇప్పటిదాకా అదే. పరిహారంలో సగం కేంద్రం, సగం రాష్ట్రం భరిస్తాయి.