ఇంటి తగవునకు తల్లివంటి న్యాయవాది

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున శకుంతలా వృత్తాంతమును చదివినవారికి ఒక సంగతి తోపక మానదు. కుమారుని వెంటబెట్టుకొని దుష్యంతుని సభకు పోయిన ఆ తల్లికి వకీలు లేడు, సాక్షి లేడు. తన వ్యాజ్యమును తానే వాదించుకొనెను. భర్త యెరుగనన్నను వెరువలేదు. తుదకు అశరీరవాణి పలుకగా ఆమె మాట నిలిచెను. అయితే అందరు తల్లులకును శకుంతల వాక్చాతుర్యము లేదు. ఈ యుగమున అశరీరవాణి పలుకదు. నోరులేని ఇల్లాలి పక్షమున చట్టమే పలుకవలెను. చట్టముచే అట్లు పలికింప బూనిన తెలుగు ఆడపడుచు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆమెను స్మరించుట యుక్తమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. వయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ కాపురమునకు పోనొల్లకపోగా, పుట్టినింటివారు ఆమె నిశ్చయమును మన్నించిరి. ఆ కాలమున అది సామాన్య విషయము కాదు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సందర్భమున, ప్రదర్శనశాల వాకిట నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపిన బాలిక ఆమెయే. నియమము పెద్దకును పిన్నకును ఒక్కటే యను బుద్ధి ఆనాడే కానవచ్చినది.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాల కేగిరి. వెల్లూరు, మధుర జైళ్ళలో నున్నపుడు అచ్చటి స్త్రీ ఖైదీల దురవస్థను కన్నులార చూచిరి. చట్టమెరుగక, తమకై మాటాడువారు లేక, మ్రగ్గుచున్న అభాగినులు వారు. ఆ దృశ్యమే ఆమెను న్యాయశాస్త్రము వైపు మరల్చినది. మానిన చదువును మరల పట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షయు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బి.ఏ. ఆనర్సు పట్టమును ముగించి, 1942లో మదరాసున న్యాయవాద పట్టమును పొందిరి.

మాతృత్వమనగా కనుట మాత్రమే కాదు. పెంచుటయు, నిలబెట్టుటయు మాతృత్వమే. 1937లో మదరాసున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ అట్టి తల్లి ఒడి. చదువు నడుమ ఆగిన ఎందరో స్త్రీలు అచ్చట మరల పలక పట్టి, పరీక్షలకు కూర్చుండి, తమ కాళ్ళపై తాము నిలిచిరి. 1946లో రాజ్యాంగ పరిషత్తునకు ఎన్నికై, కుమార్తెకు ఆస్తిలో హక్కుండవలెనని వాదించిన వారిలో ఆమె యొకరు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి.

ఆ 1953లోనే చైనా దేశమునకు పోయి, అచ్చటి కుటుంబ న్యాయస్థానముల పనిని చూచిరి. మన దేశమునను అట్టివి కావలెనని నెహ్రూగారితోను, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్ గార్లతోను ముచ్చటించిరి. లెక్కలు వ్రాయు మావంటివారికి ఒక సంగతి తెలియును. పొలము గట్టు తగవు గొలుసు పట్టి కొలిచిన తీరును. కాపురపు తగవును కొలువగల గొలుసు లేదు. అది సాధారణ సివిల్ కోర్టున వాయిదాల వెంట తిరిగినకొలది పగ ముదురును, బిడ్డలు నలుగుదురు.

ఆ తలంపు ఫలించుటకు ముప్పది యేండ్లు పట్టెను. 1974లో లా కమిషన్ 59వ నివేదిక కుటుంబ తగవులకు వేరు పద్ధతి కావలెనని చెప్పెను. 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చెను. విడాకులు, మనోవర్తి, బిడ్డల పోషణాధికారము మున్నగునవి అందు విచారింపబడును. న్యాయమూర్తి మొదట రాజీకి యత్నింపవలెను. ఒక పక్షము కోరినచో విచారణ రహస్యముగా జరుగును. వకీలును పెట్టుకొనుట అచ్చట కక్షిదారునకు హక్కు కాదు. ఒక న్యాయవాది కోరిన న్యాయస్థానమున న్యాయవాదికే హక్కు లేకపోవుట వింతగా తోచవచ్చును; కాని ఇల్లాలు తన గోడు తన నోట చెప్పుకొనుట కది త్రోవ. ఆ చట్టమును చూచుటకు దుర్గాబాయి లేరు. 1981 మే 9న ఆమె పరమపదించిరి.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. రాజీ యనగా ఓర్చుకొమ్మని స్త్రీకి మాత్రమే బోధించుట కాదు. మన రచ్చబండల కది పాత యలవాటు. ఒల్లని కాపురమును కాదనుటకు తన పుట్టినింట చోటు దొరికినందుననే దుర్గాబాయి దుర్గాబాయి యైరి. కావున మొదటి కుటుంబ న్యాయస్థానము పట్టణమున లేదు, పుట్టినింటి వసారాలో నున్నది. అచ్చట ఆడపిల్ల మాట విను తల్లిదండ్రులున్నచో సగము వ్యాజ్యములు పుట్టనే పుట్టవు.

తక్కిన సగమునకు చట్టము తెలియవలెను. తెలియుటకు చదువు కావలెను. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న పని అదియే. పాఠకులారా! పుస్తకమునకై వచ్చునపుడు మీ ఇంటి ఆడువారిని గూడ తోడ్కొని రండు. వారు చదివిన పుట యేదియు వృథా పోదు.