పలకమీది తడి, బొమ్మమీది నీడ

మార్కాపురం పలకను తడిగుడ్డతో తుడిచిన విద్యార్థి ఒక వింత చూచియుండును. తడి ఉన్నంతసేపు పలక నల్లగా మెరుస్తుంది. ఆరగానే బలపపు పొడి పాతగీతలలో తెల్లగా తేలుతుంది. చిన్నబొమ్మపై పలుచని నీటిరంగు పూత చేసే పనియు ఇదే. రంగునీరు పల్లపుచోట్లకు చేరుతుంది; నీరు ఆవిరికాగా రంగు అక్కడ నీడవలె మిగులుతుంది.

విజయవాడ దాపునగల కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, అవయవాలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపుపూతపై రంగులు వేయడం ఆచారం. గరుకైన ఆ పూత నీటిని పట్టుకొంటుంది. నున్నని ఎనామెల్‌పైన అదే నీరు తలతన్యతవలన ముత్యాలుగా నిలుస్తుంది. (చుక్క సబ్బునీరు కలిపి చూడండి, పరచుకొనును.)

నీటిరంగును పట్టియుంచేది తుమ్మజాతి చెట్ల బంక. అటువంటి రంగుబిళ్లలకే లండనులో రీవ్స్ సోదరులు 1781లో బహుమతి పొందారు. ఆరిన బంక నీటిలో మళ్లీ కరుగుతుంది. కనుక పొరపాటును తడిబట్టతో తుడిచివేయవచ్చును. పిల్లవాని చెమటచేయి తగిలినా అంతే! ఎనామెల్ వచ్చాక బొమ్మకు తడిభయం తగ్గింది. కాని ఆ దట్టపుపూతక్రింద ఉలిగీతలు మునిగిపోతాయి. నా దృష్టిలో అది చిన్న నష్టం కాదు.