అసలు తీరే అప్పు: సొంత ఇంటి రుణాల కథ

అప్పు ఉన్నదని పదిమందిలో చెప్పుకొనే ఆచారం మనకు లేదు. ఒక్క ఇంటి అప్పు విషయంలో మాత్రం ఈ సంకోచం కనపడదు. గృహప్రవేశానికి పిలిచి, భోజనాలు పెట్టి, "ఇరవై ఏండ్ల వాయిదాలండీ" అని సంతోషంగానే చెప్పుకొంటాము. వచ్చినవారు కూడ "నెలకు ఎంత పడుతున్నది?" అని అడిగి ఊరుకొంటారు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. నెలనెలా కట్టే ఆ పైకంలో అసలు ఎంత తీరుతున్నది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం కుదరడానికి లోకానికి నూటయాభై ఏండ్లకు పైగా పట్టినది. మొదటిసారి ఇల్లు కొనబోయేవారు ఆ కథను కొంత తెలిసి ఉండడం మంచిదని నా నమ్మకం.

ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టడం మన పెద్దలకు కొత్త కాదు. అయితే అది ఇల్లు పోగొట్టుకొనే త్రోవగా ఉండినదే గాని, ఇల్లు సంపాదించుకొనే త్రోవగా ఉండలేదు. భోగ్యం అనే పద్ధతినే చూడండి. అప్పిచ్చినవాడు ఆస్తిని స్వాధీనం చేసికొని దాని రాబడిని వడ్డీ కింద అనుభవిస్తాడు. ఎన్ని పంటలు పండినా అసలు మాత్రం చెక్కు చెదరక అట్లే నిలిచి ఉంటుంది. వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రాలు నియమం చేశాయి. ఇంగ్లీషువారి కాలంలో బొంబాయి ప్రాంతంలోను, కలకత్తా నగరంలోను న్యాయస్థానాలు డాందుపట్ అనే పేరుతో దానిని పాటించాయి కూడ. అది వడ్డీకి హద్దు గీచినది. అసలు తీరే దారిని మాత్రం చూపలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తనఖాలలోని రకాలను వివరించి, దస్తావేజులను ఋణదాత చేతిలో ఉంచి అప్పు పుచ్చుకొనే పద్ధతిని మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి పట్టణాలలో అనుమతించినది. తరువాత అది తక్కిన పట్టణాలకూ విస్తరించినది. నేడు బ్యాంకువారు మన విక్రయ దస్తావేజును తమ పెట్టెలో పెట్టుకొనడం ఈ పద్ధతి ప్రకారమే.

అసలు తీరే అప్పునకు పుట్టినిల్లు ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్. అది లోహపు పనివారి ఊరు. అక్కడ గోల్డెన్ క్రాస్ అనే పానశాలకు యజమాని రిచర్డ్ కెట్లీ. 1775లో ఆ పానశాలలో ఒక సంఘం ఏర్పడినది. మనకు తెలిసిన గృహ నిర్మాణ సంఘాలలో ఇదే మొదటిది. సభ్యులందరూ నెలకింత అని చందా కడతారు. ఒక ఇంటికి చాలినంత పైకం పోగు కాగానే ఒకరికి ఇల్లు సమకూరుతుంది. ఎవరికన్నది చీటీలు తీసి తేల్చేవారు. ఇల్లు దక్కినవాడు అక్కడితో చందా మానడానికి వీలు లేదు. చివరి సభ్యునికి కూడ ఇల్లు అమరిన తరువాతనే సంఘాన్ని ఎత్తివేస్తారు.

చీటీలు కట్టిన అనుభవం ఉన్నవారికి ఇంతకంటె వివరించనక్కరలేదు. మన చీటీలో వలెనే ఇక్కడ కూడ మొదట పాడుకొన్నవాడు అదృష్టవంతుడు, చివరివాడు ఓపికమంతుడు. మధ్యలో నలుగురు చందా మానివేస్తే చివరివాని ఇల్లు గాలిలోనే నిలుస్తుంది. కొత్తవాడు చేరదలిస్తే గడచిన నెలల చందా అంతా ఒక్కసారిగా కట్టవలెను. ఇన్ని లోపాలున్నా అందులో ఒక గొప్ప ఊహ ఉన్నది. కూలిపని చేసికొనేవాడు కూడ, నెలకు కొంచెం కొంచెంగా, ఒక నిర్ణీత దినానికి ఇంటి ధర మొత్తం తీర్చివేయగలడు. అంతకు పూర్వం అప్పు పుచ్చుకొన్నవానికి అటువంటి దినమే లేదు.

పందొమ్మిదవ శతాబ్దం నడుమ ఈ సంఘాలు శాశ్వత సంస్థలుగా మారాయి. ఇల్లు అక్కరలేని వారు కూడ వాటిలో సొమ్ము దాచుకొని వడ్డీ పొందవచ్చును. ఇల్లు కావలసినవారు చీటీ కొరకు కాచుకొనకుండ అప్పు పొందవచ్చును. ఏర్పాటు మంచిదే గాని, ఇతరుల సొమ్ము వచ్చిన చోటికి దానివెంట దురాశ కూడ వచ్చినది. పార్లమెంటు సభ్యుడైన జేబెజ్ బాల్ఫర్ 1868లో లిబరేటర్ అనే సంఘాన్ని నెలకొల్పాడు. దైవభక్తులైన చిన్న ఉద్యోగులు, వితంతువులు అందులో తమ పొదుపు దాచుకొన్నారు. అది దేశంలోకెల్ల పెద్ద గృహ నిర్మాణ సంఘంగా పెరిగినది. కాని సొమ్ములో అధికభాగం చిన్న ఇండ్లకు చేరలేదు. బాల్ఫరుకే సంబంధించిన కంపెనీల పెద్ద కట్టడాలలోకి పోయినది. 1892లో అంతా కూలినది. ఆయన అర్జెంటీనాకు పారిపోయాడు. పట్టి తెచ్చి 1895లో 14 ఏండ్ల శిక్ష వేశారు. పొదుపు పోయినవారికి ఆ శిక్ష వలన ఒరిగినదేమీ లేదు. నేడు మనం మధ్యవర్తి చేతిలోనో, కట్టడం పూర్తి కాని బిల్డరు చేతిలోనో పైకం పెట్టేటప్పుడు తలచుకొనదగిన కథ ఇది. మన దేశంలో స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016లో వచ్చి, కొనుగోలుదారుల నుండి పుచ్చుకొన్న సొమ్ములో 70 శాతం ఆ కట్టడానికే ప్రత్యేక ఖాతాలో ఉంచవలెనని శాసించినది.

ఇక అమెరికా సంగతి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. 1920ల నాటికి అక్కడ సొంత ఇల్లు సామాన్యుని కోరిక అయినది. అప్పు కూడ ధారాళంగా దొరికేది. కాని ఎటువంటి అప్పు? బ్యాంకులు సాధారణంగా ఇంటి విలువలో సగం మాత్రమే ఇచ్చేవి. గడువు మూడు నుండి అయిదేండ్లు. ఆ గడువులో చాలమంది కట్టేది వడ్డీ మాత్రమే. అసలు మొత్తం చివర ఒక్కసారిగా తీర్చవలెను, లేదా కాగితం తిరగవ్రాసుకొనవలెను. మిగిలిన సగం చేతిలో లేనివారు దానికొరకు రెండవ తనఖా పెట్టి, ఎక్కువ వడ్డీకి మరొక అప్పు తెచ్చేవారు. ఇండ్ల ధరలు పెరుగుతున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది తోచలేదు. గడువు రాగానే తిరగవ్రాసుకొనడం మామూలు కార్యం.

1929 తరువాత ఆర్థిక మాంద్యంలో బ్యాంకుల వద్ద పైకం లేకపోయినది. కాగితం తిరగవ్రాసే దిక్కు లేదు. ఇండ్ల ధరలు పడిపోయి, అమ్మినా అప్పు తీరే స్థితి పోయినది. అప్పుడు జరిగిన విచిత్రమేమనగా, ఒక్క నెల కూడ తప్పక వడ్డీ కట్టుతూ వచ్చినవాడు సైతం గడువు నాటికి అసలు తీర్చలేక ఇల్లు పోగొట్టుకొన్నాడు. 1933 నాటికి రోజుకు వేయి ఇండ్ల వంతున ఋణదాతల పాలవుతూ ఉండేవి.

ఆ సంవత్సరమే అక్కడి ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థను స్థాపించి, సుమారు పది లక్షల కుటుంబాల పాత అప్పులను తీర్చి కొత్త అప్పులు ఇచ్చినది. గడువు 15 ఏండ్లు, వడ్డీ మొదట 5 శాతం. ప్రతి నెల వాయిదాలోను వడ్డీతోపాటు అసలులో కొంత తీరిపోవలెను. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇటువంటి దీర్ఘకాలపు అప్పులకు హామీ ఇచ్చి, ఇంటి విలువలో 80 శాతం వరకు రుణం దొరికేటట్లు చేసినది. మనం నేడు ఇ.ఎం.ఐ. అని పిలుచుకొనే సమాన వాయిదా ఇట్లు సామాన్యుల ఇంటికి వచ్చినది. ఈ మేలు అందరికీ అందలేదని కూడ చెప్పక తప్పదు. నల్లజాతివారు నివసించే పేటలను పటాలలో ఎర్రరంగుతో గుర్తించి అపాయకరమన్నారు. అక్కడి అప్పులకు హామీ దొరకలేదు.

మన దేశంలో ఈ మార్గం చాల కాలానికి గాని తెరుచుకొనలేదు. సహకార గృహ నిర్మాణ సంఘాలు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దంలోనే మొదలైన మాట నిజం. అయినా ఉద్యోగి ఇల్లు కట్టడమంటే ప్రావిడెంట్ ఫండు చేతికి వచ్చిన తరువాత, ఇంటి ఇల్లాలి నగలు కొన్ని పెట్టెలో నుండి వెలికి వచ్చిన తరువాత. మనుమలు పుట్టే వయస్సులో గృహప్రవేశం జరిగేది. 1977లో బొంబాయిలో హస్ముఖ్‌భాయ్ పారేఖ్, తన పదవీ విరమణ తరువాత, జీతగాండ్రకు ఇంటి అప్పు ఇచ్చుటకే హెచ్.డి.ఎఫ్.సి. అనే సంస్థను స్థాపించారు. రేపు రాబోయే జీతాన్ని నమ్మి నేడు ఇల్లు ఇవ్వడం అప్పటికి సాహసమే. ఆ సంస్థ 2023 జూలైలో తాను పుట్టించిన బ్యాంకులోనే విలీనమైనది. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఏర్పడినది. తరువాత బ్యాంకులన్నీ ఈ రంగంలోకి దిగినవి.

ఇక లెక్క చూతము. 30 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏండ్ల గడువు అనుకొందాము. నెల వాయిదా సుమారు 26,992 రూపాయలు. మొదటి నెలలో అందులో 22,500 వడ్డీకే పోతుంది. అసలులో తీరేది 4,492 మాత్రమే. పదేండ్లు, అనగా సరిగా సగం గడువు, గడిచిన తరువాత కూడ 21 లక్షల 30 వేల పైచిలుకు మిగిలే ఉంటుంది. ఇది మోసం కాదు, లెక్కలోని స్వభావమే. అదే అప్పును 15 ఏండ్లకు పెట్టుకొంటే వాయిదా 30,428. నెలకు మూడున్నర వేలు కంటె తక్కువే ఎక్కువ కట్టడం వలన మొత్తం వడ్డీలో పది లక్షలు తగ్గుతుంది. చేతికి బోనసో, పాత బాకీయో వచ్చినప్పుడు అసలుకు జమ వేయడం కూడ ఇదే పని చేస్తుంది. మారే వడ్డీ గల ఇంటి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చివేస్తే జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించినది.

వాయిదా కంటె ముందు చేతిలో ఉండవలసిన పైకం మాట మరువరాదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అప్పు ఇంటి విలువలో 80 శాతానికి మించరాదు. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులను, పది లక్షల లోపు ఇండ్లకు తప్ప, ఆ విలువలో కలుపరాదు. తెలంగాణలో 2021 జూలైలో ఈ ఖర్చులు 6 నుండి 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన 50 లక్షల ఇంటికి 10 లక్షలు సొంతం, 3 లక్షల 75 వేలు రిజిస్ట్రేషను ఖర్చు. ఈ పైకం కొరకు మరొక చోట ఎక్కువ వడ్డీకి అప్పు చేసేవారిని చూచినప్పుడెల్ల నాకు ఆ అమెరికా వారి రెండవ తనఖా జ్ఞాపకం వస్తుంది.

2022లో ఈ పాత కథ మన ఇండ్లలోనే మరల తొంగిచూచినది. రెపో రేటు ఆ ఏడు మే నెల నుండి 2023 ఫిబ్రవరి లోపల 4 నుండి 6.5 శాతానికి పెరిగినది. 2022 వసంతంలో 7 శాతానికి 30 లక్షలు ఇరవై ఏండ్ల గడువుకు తీసికొన్నవాని వాయిదా 23,259. వడ్డీ 9.5 శాతమైన పిదప ఆ నెల వడ్డీయే 23,400 దాటినది. వాయిదా కట్టుతూనే ఉన్నాడు. అప్పు మాత్రం పెరుగుతున్నది! వాయిదా పెంచకుండ గడువును జరుపుతూ పోయినచోట చాలమందికి ఈ సంగతి తెలియనే లేదు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు జోక్యం చేసికొని, గడువు పెంపు వలన అప్పు పెరిగే స్థితి రారాదని, వాయిదా పెంచడమో, గడువు పెంచడమో, రెండూ కలపడమో ఋణగ్రస్తుడే ఎంచుకొనే అవకాశం ఇవ్వవలెనని శాసించినది. స్థిరమైన వడ్డీకి మారే వీలు కూడ కల్పించవలెనన్నది.

మా ఇంట అప్పు కాగితాలు చేతికి వచ్చిన నాటి సాయంకాలం నా భార్య చెల్లింపుల పట్టిక ముందు పెట్టుకొని చాలసేపు కూర్చున్నది. ఏ నెలలో వడ్డీ కంటె అసలు ఎక్కువ తీరుతుందో వెదుకుతున్నదట. 9 శాతం, ఇరవై ఏండ్లు అయితే అప్పు ఎంతైనా ఆ నెల ఒక్కటే. 149వది. పన్నెండేండ్ల అయిదవ నెల. అక్కడ పెన్సిలుతో గీత గీచి, పట్టికను బియ్యం లెక్కల పుస్తకంలో పెట్టినది. అప్పుడప్పుడు తీసి, ఆ గీత పైకి జరిగినదో, కిందికి జరిగినదో చూస్తూ ఉంటుంది.